వంటింటి గోడ తీసేముందు: సీమ ఇళ్లలో ఓపెన్ ప్లాన్ ఎలా నిర్ణయించుకోవాలి

కడపలో ఇప్పుడు మూడు సెంట్ల స్థలంలో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఇంజనీరు ముందు పెట్టే మొదటి కోరిక ఒకటే. హాలు, డైనింగ్, వంటిల్లు మూడూ కలిసిపోవాలి, మధ్యలో గోడలు ఉండకూడదు. దీన్నే ఓపెన్ ప్లాన్ అంటారు. ఫోనులో దాచుకున్న బొమ్మ ఒకటి చూపిస్తారు. ఆ బొమ్మలో ఇల్లు విశాలంగా, వెలుగుగా ఉంటుంది. పొయ్యి మీద మాత్రం ఏమీ ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది. మన ఇళ్లలో పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూనో వేగుతూనో ఉంటుంది.

ఓపెన్ ప్లాన్ మంచిదా, చెడ్డదా అని అడిగితే ఎవరి జవాబు వాళ్లకు ఉంటుంది. ఏ గోడ తీయాలి, ఏ గోడ ఉంచాలి అని అడిగితే మీ ఇంటికి సరిపోయే జవాబు దొరుకుతుంది. నా మటుకు, మన ఎండకూ మన వంటకూ హాలుకూ డైనింగుకూ మధ్య గోడ నిరభ్యంతరంగా పోవచ్చు. వంటింటికి మాత్రం కావాలన్నప్పుడు మూసుకునే వీలు ఉండి తీరాలి. ఈ మాట మీ ఇంటికి వర్తిస్తుందో లేదో తేల్చుకునే వరస కింద చెబుతున్నాను. కొత్తగా కట్టుకునేవారికీ, ఉన్న ఇంట్లో గోడ తీయించాలనుకునేవారికీ దారి చాలావరకు ఒకటే. తేడా వచ్చినచోట విడిగా చెబుతాను.

1. ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో రాయండి

నోటుపుస్తకంలో రెండు పేజీలు చాలు. మొదటి పేజీలో మామూలు రోజు. ఏ వేళకు ఎవరు ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు అన్నది గంటల వారీగా రాయండి. పొద్దున తాళింపు వేసే వేళకు మామగారు హాల్లో పేపరు చదువుతుంటారా? మధ్యాహ్నం అత్తగారు ఫ్యాను కింద చాప వేసుకుని నడుం వాల్చేది ఎక్కడ? సాయంత్రం సీరియల్ నడుస్తుండగా ఇంటర్ చదివే పిల్లవాడు ఏ మూల కూర్చుంటాడు? ఒకే వేళకు ఒకరికి నిశ్శబ్దం, ఇంకొకరికి చప్పుడు కావలసిన చోట్ల గుర్తు పెట్టండి. ఆ ఇద్దరి మధ్య ఒక తలుపు ఉండాలి. పడకగదులకు ఎలాగూ తలుపులు ఉంటాయి. కనుక, ఇంట్లో మనుషులకు పడకగదులు సరిపోనప్పుడే ఓపెన్ ప్లాన్ ఇబ్బంది పెడుతుంది. నలుగురున్న ఇంట్లో మూడు పడకగదులుంటే పెద్దగా తెలియదు. ఆరుగురికి రెండు గదులైతే హాలే మూడో పడకగది అవుతుంది. అలాంటి ఇంట్లో హాలు పక్కనే కుక్కరు కూత వేయడం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

రెండో పేజీలో పండగ రోజు రాయండి. ఉగాదికి భక్ష్యాలు చేస్తూ ముగ్గురు ఆడవాళ్లు, పీటలు వేసుకుని కూర్చున్న చుట్టాలు, అటూ ఇటూ తిరిగే పిల్లలు. కలిసిన ఇల్లు తన విలువ చూపించేది ఈ రోజే. పది మందికి పెట్టే బల్ల వరస హాల్లోకి సాగుతుంది. వడ్డించేవాళ్లు తలుపు దగ్గర ఒకరికొకరు అడ్డు పడరు. వంట చేసేవాళ్లు గోడకు ముఖం పెట్టి ఒంటరిగా నిలబడవలసిన పని లేదు. పసిపిల్లలున్న ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే పిల్లల మీద ఒక కన్ను వేయవచ్చు. ఇవి చిన్న లాభాలేమీ కావు. వంటింటిని ఇంటి వెనక చీకటి మూలకు నెట్టే అలవాటు పోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

రోజూ వంట చేసే మనిషిని అడగకుండా వంటింటి గోడ గురించి తీర్మానం చేయకండి. చాలా ఇళ్లలో ఈ నిర్ణయం వంట చేయనివాళ్లే చేస్తుంటారు.

2. కొలతలు నేల మీద గీసి నడిచి చూడండి

కొత్త ఇల్లయితే స్థలంలో ముగ్గు పోసి గదుల హద్దులు గీయించండి. ఉన్న ఇల్లయితే తీయాలనుకున్న గోడకు రెండు వైపులా సుద్దముక్కతో సామాను బొమ్మలు గీయండి. సోఫాకు మూడు అడుగుల లోతు, నలుగురు కూర్చునే బల్లకు నాలుగడుగుల పొడవు మూడడుగుల వెడల్పు, కుర్చీ వెనక్కి లాగడానికి మరో రెండున్నర అడుగులు, మనిషి నడిచే దారికి మూడడుగులు వదలండి. ఇప్పుడు వాకిలి నుంచి పడకగదికి, పడకగది నుంచి వంటింటికి నడవండి. కలిసిన ఇంట్లో ఈ దారులన్నీ హాలు మధ్య నుంచే పోతాయి. అవి తినేసే స్థలం బొమ్మలో కనిపించదు.

గోడ తీస్తే బోలెడు స్థలం వస్తుందన్నది అపోహ. నాలుగున్నర అంగుళాల గోడ రెండు వైపులా పూతతో ఆరు అంగుళాలు అనుకున్నా, పది అడుగుల గోడ తీస్తే మీకు వచ్చేది ఐదు చదరపు అడుగులే. పెరిగేది చూపు మేర. వెలుగు లోపలి దాకా వస్తుంది. ఇంటి పక్కన ఇల్లు ఆనుకుని ఉండి, ముందూ వెనకా మాత్రమే కిటికీలు పెట్టుకోగల మన పట్టణ స్థలాల్లో ఆ వెలుగు నిజంగా పెద్ద లాభం. మధ్యలో ఇరుక్కున్న డైనింగ్ గదికి పగలు కూడా లైటు వేసుకునే ఇల్లు కడప ఎర్రముక్కపల్లెలోనూ ఉంది, కర్నూలు వెంకటరమణ కాలనీలోనూ ఉంది. అలాంటి ఇంట్లో హాలు–డైనింగ్ గోడ తీయడానికి నేను రెండో ఆలోచన చేయను.

3. ఆ గోడ ఏం మోస్తోందో తెలుసుకోండి

ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. "ఏం కాదు సార్, తీసేద్దాం" అని మేస్త్రీ అంటే సరిపోదు. పని బాగా తెలిసిన మేస్త్రీలు ఆ మాట అంత తేలిగ్గా అనరు కూడా.

ముందు మీ ఇల్లు ఏ రకమో చూడండి. పాత రకం ఇళ్లలో స్లాబు బరువు గోడల మీదే ఉంటుంది, పిల్లర్లు ఉండవు. అలాంటి ఇళ్లలో లోపలి గోడలు కూడా తొమ్మిది అంగుళాలో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. దూలాల మీద నాపరాళ్లు పరిచిన మిద్దెలైతే ఇంకా జాగ్రత్త. దూలం చివర ఏ గోడలోకి దిగిందో ఆ గోడ మీద చెయ్యి వేయకూడదు. కాంక్రీటు పిల్లర్లు, బీములు వేసి కట్టిన ఇళ్లలో బరువు బీముల నుంచి పిల్లర్లకు, పిల్లర్ల నుంచి పునాదికి దిగుతుంది. మధ్యలో ఇటుక గోడ గదులను విడగొట్టడానికే ఉంటుంది. నాలుగున్నర అంగుళాల గోడ అయి, పైన బీము కిందికి దిగి కనిపిస్తూ, రెండు చివరలా పిల్లర్లు ఉంటే గోడ తీయడానికి వీలుండే అవకాశం ఎక్కువ. బీము కనబడకుండా గోడ నేరుగా స్లాబును తాకుతుంటే ఆగండి. కొన్నేళ్లలో స్లాబు వెంట్రుకవాసి దిగి ఆ గోడ మీద ఆని ఉండవచ్చు. మోయడానికి కట్టని గోడ కూడా అలా బరువు మోస్తూ ఉంటుంది. మేడ మీద ఇంకో అంతస్తు ఉంటే అక్కడి గోడలు ఎక్కడ నిలబడ్డాయో కూడా చూడాలి. చేతితో తట్టి, చప్పుడు విని తేల్చే విద్య దీనికి చాలదు. స్ట్రక్చరల్ ఇంజనీరును ఇంటికి పిలిచి, చూపించి, రాసి ఇమ్మనండి. అపార్టుమెంటులో ఉంటే బిల్డరు ఇచ్చిన డ్రాయింగు, సంఘం అనుమతి కూడా కావాలి. మీ గోడ పైన ఇంకొకరి కాపురం ఉంది.

కొత్తగా కట్టేవారికి ఒక మాట. స్లాబు ప్రధానంగా పొట్టి దిక్కున బరువు మోస్తుంది. అందుకే పన్నెండడుగుల వెడల్పున ముప్ఫై అడుగుల పొడవున హాలు, డైనింగ్, వంటిల్లు ఒకే వరసలో కలిపినా పెద్ద ఖర్చు ఉండదు. అడ్డంగా వచ్చే బీములు పన్నెండడుగులవే. ఇరవై అడుగుల వెడల్పున పిల్లరే లేని చదరపు హాలు కావాలంటే లెక్క మారిపోతుంది. బీము లోతు దాని పొడవులో సుమారు పన్నెండో వంతు ఉంటుందని తొలి అంచనాకు వేసుకుంటారు. పన్నెండడుగులకు ఒక అడుగు, ఇరవై అడుగులకు ఇరవై అంగుళాలు. ఐదంగుళాల స్లాబు పోగా పదిహేను అంగుళాల దూలం నెత్తి మీద వేలాడుతుంది. దాన్ని దాచడానికి ఫాల్స్ సీలింగ్, ఆ సీలింగ్ వల్ల ఇంటి ఎత్తు తగ్గడం. ఇటుకలు, తలుపులు మిగిల్చిన డబ్బు ఇనుముకు పోతుంది. ఓపెన్ ప్లాన్ చవక అన్నవాళ్లు ఈ లెక్క చెప్పరు.

4. ఎండ లెక్క వేసుకోండి

ఓపెన్ ప్లాన్ పుట్టింది చలిదేశాల్లో. అమెరికా ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ షికాగోలో 1910లో పూర్తిచేసిన రోబీ హౌసులో కూర్చునే చోటుకూ భోజనం చోటుకూ మధ్య గోడ లేదు, చలిమంట గూడు మాత్రమే ఉంది. తర్వాత చండీగఢ్ రూపకర్త లె కార్బూజియే 1920లలో కాంక్రీటు స్తంభాల మీద ఇల్లు నిలబెట్టి, లోపలి గోడలను ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చని వాదించాడు. వెచ్చదనాన్ని ఇల్లంతా పరచడం వాళ్లకు అవసరం. మనకు ఏప్రిల్, మే నెలల్లో వేడిని ఒకచోట ఆపడం అవసరం.

అయితే గోడలు లేకపోవడం మనకు ఒక మేలు కూడా చేస్తుంది. సీమ వేసవి పొడి వేసవి. పగలు నలభై దాటినా రాత్రి గాలి కొంత చల్లబడుతుంది. పొద్దున తొమ్మిది, పది నుంచి ఎండ దిగేదాకా కిటికీలు మూసి, రాత్రి ముందూ వెనకా తెరిచి పెడితే, మధ్యలో గోడ లేని ఇంట్లో గాలి ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయి గోడల్లో, స్లాబులో చేరిన వేడిని లాగేస్తుంది. కరెంటు పోయిన రాత్రి కలిసిన హాలుకూ గదుల ఇంటికీ ఉన్న తేడా బాగా తెలుస్తుంది.

కూలరు వాడే ఇళ్లకైతే ఓపెన్ ప్లాన్ చక్కగా నప్పుతుంది. ఎండిన గాలిలో కూలరు బాగా పనిచేస్తుంది. కర్నూలు, అనంతపురం వేసవి అందుకు తగినదే. కానీ లోపలికి పంపిన గాలి బయటికి పోయే దారి లేకపోతే తేమ నిండి ఉక్కపోస్తుంది. అందుకే కూలరును హాలు ముందు కిటికీలో పెట్టండి. వంటింటి వెనక కిటికీ తెరిచి ఉంచండి. గాలి హాలు, డైనింగ్ దాటి వంటింట్లోంచి బయటికి పోతూ వంట వేడిని కూడా తీసుకుపోతుంది. ఇదే కూలరు వంటింటి వైపు పెడితే తాళింపు ఘాటు మొత్తం సోఫాలో కూర్చున్నవాళ్ల ముక్కుకు చేరుతుంది.

ఏసీ పెట్టుకునేవారికి కథ వేరు. పన్నెండు బై పన్నెండు గది, అంటే 144 చదరపు అడుగులకు ఒకటిన్నర టన్నుల ఏసీ మన ఎండకు సరిపోతుంది. పన్నెండు బై ముప్ఫై కలిసిన ఇల్లు 360 చదరపు అడుగులు. దానికి మూడు టన్నులకు పైగా కావాలి. పైగా పొయ్యి వేడి, ఫ్రిజ్ వేడి అదే గదిలో. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. గంటకు 1200 ఘనపు మీటర్లు లాగే చిమ్నీ నడుస్తుంటే, పదడుగుల ఎత్తున్న ఆ హాల్లోని గాలి మొత్తాన్ని దాదాపు ఐదు నిమిషాల్లో బయటికి తోసేస్తుంది. మీరు డబ్బు పెట్టి చల్లబరచిన గాలి అది. ఏసీ పడకగదులకు పరిమితం చేసి హాలుకు కూలరు పెట్టుకోవడం, లేదా వంటింటికి మూసే తలుపు పెట్టుకోవడం, ఈ రెండింటిలో ఒకటి ముందే తేల్చుకోండి.

డూప్లెక్సులో హాలు మధ్య నుంచి మెట్లు, పైన రెండంతస్తుల ఎత్తు కప్పు ఉంటే చూడటానికి దర్జాగానే ఉంటుంది. వేడిగాలి పైకి ఎక్కి మేడ మీది గదుల ముందు నిలుస్తుంది. మేడ మీద పడుకునేవాళ్లు ఆ దర్జాకు మూల్యం చెల్లిస్తారు.

అనంతపురం వారికి మరో విషయం. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి నుంచి వీచే గాలి ఎంత బలమైనదో రామగిరి గుట్టల మీద గాలిమరలే చెబుతాయి. ఆ గాలితో పాటు దుమ్ము వస్తుంది. గోడలున్న ఇంట్లో అది ముందు గదిలో ఆగుతుంది. కలిసిన ఇంట్లో నేరుగా వంటగట్టు మీదికి వస్తుంది. పడమటి కిటికీలకు సన్నని జాలీ, వంట గిన్నెలకు తలుపులున్న అరలు తప్పవు.

5. పొగ, ఘాటు, గ్యాసు

ఎండుమిర్చి తాళింపు ఒక్కటి చాలు, కలిసిన ఇల్లు ఎలా ఉంటుందో తెలియడానికి. ఉగ్గానికి తోడు బజ్జీలు వేయించే రోజు, నాటుకోడి పులుసుకు మసాలా వేయించే రోజు, ఎర్రకారం దోసెలు పోసే రోజు సోఫా గుడ్డలు, కర్టెన్లు ఆ వాసనను మర్నాటి దాకా పట్టుకుంటాయి. నూనె ఆవిరి కంటికి కనిపించదు. కొన్ని నెలలకు ఫ్యాను రెక్కల మీద, టీవీ వెనక జిగటగా తేలుతుంది.

చిమ్నీ పెడితే సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కొంత నిజమే. ఎంత లాగే చిమ్నీ కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. వంటింటి పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, గంటకు పన్నెండు సార్లు ఆ గాలి మారాలని అనుకోండి. పది బై పది గది, పదడుగుల ఎత్తు అంటే 28 ఘనపు మీటర్లు. గంటకు సుమారు 340 చాలు. గోడ తీసేసి పన్నెండు బై ముప్ఫై చేశాక అది 102 ఘనపు మీటర్లు అవుతుంది. గంటకు 1200 పైచిలుకు కావాలి. పొగ చిమ్నీని తప్పించుకుంటే పట్టుకోవలసిన గది మూడున్నర రెట్లు పెరిగిందన్నమాట. కాబట్టి పొగ తప్పించుకోకుండా చూడటమే ముఖ్యం.

అందుకు కొన్ని పనులు చేయండి. చిమ్నీ వెడల్పు పొయ్యి వెడల్పుకు తగ్గకూడదు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య 26 నుంచి 30 అంగుళాల దూరం ఉంచండి. గొట్టం వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా బయటి గోడలోంచి పోవాలి. ప్రతి వంపూ లాగే బలాన్ని తగ్గిస్తుంది. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో నడిచే చిమ్నీ వాసనను కొంత పీల్చుకుంటుంది గానీ, వేడినీ ఆవిరినీ తిరిగి మీ ఇంట్లోకే వదులుతుంది. కలిసిన వంటింటికి అది దండగ. పొయ్యిని హాలు వైపు ఉన్న దిమ్మె మీద కాకుండా బయటి గోడకు ఆనించి పెట్టండి. ఆగ్నేయ మూలే కావాలనుకునేవారికి కూడా ఇది కుదురుతుంది. మూల అంటే ఎలాగూ రెండు బయటి గోడలు కలిసే చోటే.

అన్నిటికంటే పనికొచ్చే చిట్కా, పెద్దగా డబ్బు ఖర్చు లేనిది: గోడ మొత్తం తీయకండి. పొగ పైకి లేచి కప్పు వెంబడి పాకుతుంది. తలుపు ఎత్తు, అంటే ఏడడుగుల దాకా మాత్రమే తెరిచి, ఆ పైన కప్పు దాకా ఉన్న గోడను అలాగే ఉంచితే, పొగ వంటింటి కప్పు కిందే చిక్కుకుని చిమ్నీ లాగేదాకా ఆగుతుంది. ఆ ముక్కను మోయడానికి కింద లింటెల్, అంటే అడ్డంగా వేసే కాంక్రీటు పట్టీ కావాలి, అంతే. చూపుకు అడ్డమేమీ రాదు.

బాగా వేయించే వంటలు, గ్రైండరు, మిక్సీ, అంట్ల తొట్టి ఇంటి వెనక వరండాకు మార్చగలిగితే సగం గొడవ తీరిపోతుంది. ఒక చిన్న గట్టు, ఒక పొయ్యి అక్కడ పెట్టుకున్న ఇళ్లలో ముందున్న వంటిల్లు ఎంత తెరిచినా బాధ ఉండదు. పెరడు మిగలని స్థలాల్లో ఇది కుదరదు కాబట్టి అక్కడ తలుపే గతి.

మన పాత మట్టిమిద్దెల్లో ఈ ఏర్పాటు దాదాపు ఇలాగే ఉండేది. ముందున్న పడసాల ఒకటే పెద్ద గది. కూర్చోవడం, తినడం, పడుకోవడం, ధాన్యం పోసుకోవడం అన్నీ అందులోనే. వంటిల్లు మాత్రం లోపల విడిగా ఉండి, పొగ పోవడానికి నెత్తి మీద గవాచి ఉండేది.

గ్యాసు సంగతి విడిగా చెప్పాలి. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే నేల వెంబడి పాకుతుంది. మూసిన వంటింట్లో అది గుమిగూడి ప్రమాదం అవుతుంది. కలిసిన ఇంట్లో పలచబడుతుంది గానీ, హాల్లో వెలుగుతున్న దేవుడి దీపం దాకా చేరే దారి కూడా తెరిచే ఉంటుంది. సిలిండరును బయట పెట్టి గొట్టం ద్వారా లోపలికి తెచ్చుకోవడం ఉత్తమం. లోపలే ఉంచితే బయటి గోడలో నేలమట్టానికి దగ్గరగా జాలీ పెట్టించండి. దేవుడి మందిరం వంటింటికి ఎదురుగా నేల మీద వద్దు, గోడ మీద ఎత్తుగా ఉంచండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి, ఇంటి బయటికి వచ్చాక 1906కు ఫోను చేయండి.

ఇంకో చిన్న విషయం. డైనింగు మీది సీలింగ్ ఫ్యాను గాలి పొయ్యి మంటను ఊపుతుంది, ఒక్కోసారి ఆర్పేస్తుంది కూడా. ఫ్యాను ఆపితే తినేవాళ్లకు చెమట, వేస్తే వండేవాళ్లకు చిరాకు. పొయ్యికి ఫ్యాను వైపు ఒక అడుగున్నర ఎత్తు గాజు పలకో రాతి పలకో అడ్డం పెట్టించండి.

6. చప్పుడు

టైల్సు, గ్రానైటు, గాజు, కాంక్రీటు కప్పు. ఇవన్నీ చప్పుడును వెనక్కి కొట్టేవే. కలిసిన ఇంట్లో మిక్సీ మొదలైతే టీవీ గొంతు పెంచుతారు, టీవీ పెరిగితే ఫోనులో మాట్లాడేవాళ్లు గొంతు పెంచుతారు. దళసరి కర్టెన్లు, గుడ్డ సోఫా, పుస్తకాల బీరువా, నేల మీద జంపఖానా కొంత తగ్గిస్తాయి. ఈఏపీసెట్‌కు చదివే పిల్లలు ఉంటే వాళ్లకు గట్టి చెక్క తలుపున్న గది ఒకటి, కింద సందు లేకుండా, ఖాయం చేయండి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకూ అంతే. అది దొరకని ఇంట్లో ఓపెన్ ప్లాన్ జోలికి వెళ్లకండి.

7. వాకిట్లో నిలబడి లోపలికి చూడండి

ఇంటికి వచ్చిన మనిషికి చెప్పులు విప్పేచోటు నుంచి ఏం కనిపిస్తుంది? అంట్ల తొట్టి కనిపిస్తే ఆ ఇల్లు రోజంతా సర్దుతూనే ఉండాలి. ఆ సర్దే పని ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. తొట్టిని పక్క గోడకు తిప్పండి. వంటగట్టుకు హాలు వైపు అంచును ఆరంగుళాలు ఎత్తు పెంచితే గట్టు మీద గజిబిజి హాల్లోకి కనిపించదు.

గట్టు రాయి గురించి కూడా ఇక్కడే. దేశమంతా వంటింటి అరలకు మన కడప రాయి వాడుతుంది. అరలకు అదే మేలు. కానీ అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, ఆమ్లం కలిసిన శుభ్రం చేసే ద్రవాలు పడితే మెరుపు పోయి తెల్లమచ్చలు తేలతాయి. నలుగురికీ కనిపించే గట్టు మీద గ్రానైటు వేయించి, అరలకు కడప రాయి ఉంచుకోండి.

8. గోడతో పాటు పోయేవి

స్విచ్‌బోర్డులు, ప్లగ్గులు, అటక, గోడ అరలు, క్యాలెండరు వేలాడే మేకు. ఫ్రిజ్, వాటర్ ఫిల్టరు, ఇన్వర్టరు, బియ్యం డబ్బా ఎక్కడికి వెళతాయో ముందే కాగితం మీద పెట్టండి. ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, కందులు తెచ్చుకునే ఇళ్లలో సామాను గది లేకుండా ఓపెన్ కిచెన్ పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

9. మూడింటిలో ఒకటి ఎంచుకోండి

వెనక వరండా ఉండి, మనుషులు తక్కువగా ఉండి, హాలుకు ఏసీ పెట్టని ఇల్లయితే పూర్తిగా తెరవండి. పైన చెప్పిన ఏడడుగుల కట్టడితో. పెద్దవాళ్లు, పిల్లలు అందరూ కలిసి ఉండే ఇంట్లో హాలు–డైనింగ్ కలిపి, వంటింటికి జరిపే గాజు తలుపులు పెట్టించండి. తాళింపు వేసేటప్పుడు మూస్తారు, తక్కిన వేళ తెరిచి ఉంటుంది. వెలుగూ చూపూ పోవు. నా ఓటు చాలా ఇళ్లకు దీనికే. తలుపులకు డబ్బు సరిపోకపోతే మూడున్నర అడుగుల ఎత్తు గోడ ఉంచి పైన కిటికీలా తెరిస్తే వడ్డనకు, మాటలకు వీలవుతుంది. పొగ మాత్రం ఆగదు.

10. పని వరస

పాత ఇంట్లో గోడ తీసేటప్పుడు ముందు మెయిన్ కట్టేసి, ఆ గోడలోని కన్సీల్డ్ వైర్లు, నీటి గొట్టాలు ఎటు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌తో, ప్లంబర్‌తో గుర్తు పెట్టించండి. ఇంజనీరు చెప్పినచోట రెండు వైపులా జాకీలు నిలబెట్టాకే సుత్తి ఎత్తాలి. లింటెల్ పైన గోడ ముక్క ఉంచుతున్నట్లయితే ముందు దాని కింద లింటెల్ దూర్చి, అది గట్టిపడ్డాక కింది గోడ తీయాలి. పూర్తిగా తీస్తున్నట్లయితే పై వరస నుంచి ఒక్కో ఇటుక వరస దించుకుంటూ రావాలి. మధ్యలో పెద్ద సుత్తితో కొట్టి కూలదోయనివ్వకండి. పిల్లరు పక్కన అర అడుగు గోడ వదిలేస్తే పిల్లరు పూతకు దెబ్బ తగలదు, స్విచ్‌బోర్డుకు చోటు కూడా దొరుకుతుంది.

గోడ పోయిన చోట నేలలో ఆరంగుళాల పట్టీ ఖాళీగా కనిపిస్తుంది. పాత టైలుకు జత దొరకడం కష్టం. వెతుకుతూ రోజులు పోగొట్టుకోకుండా అక్కడ నల్లని కడప రాయి పట్టీ ఒకటి వేయించేయండి. కావాలని పెట్టిన అంచులా కనిపిస్తుంది. కొత్త పూతను వారం రోజులు తడపాలి, బాగా ఆరాకే రంగు వేయాలి. జరిపే తలుపుల బరువు పైన రైలు మీద వేలాడేలా చేయించండి. రైలు నేలలో వేస్తే జొన్నపిండీ దుమ్మూ చేరి నాలుగు నెలలకే తలుపు బిగుసుకుపోతుంది.

తర్వాత కొన్ని నెలలు కప్పు మీద, బీము చివరల దగ్గర కన్నేసి ఉంచండి. సన్నని గీత కనిపిస్తే దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. గీత ఆ గుర్తు దాటకపోతే పూతలోని పగులే అనుకోవచ్చు. దాటి సాగుతుంటే దాని మీద పుట్టీ పూయించకుండా ఇంజనీరును పిలవండి.